రన్‌వే మీద పిన్నీసు

యుద్ధవిమానాల మధ్య ఎనిమిదేళ్ళు పనిచేశాను. అయినా వాటి గురించి ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. వాటి చక్రాలు తెలుసు. చక్రాల కింది కాంక్రీటు తెలుసు. కాంక్రీటు పలకల సందుల్లో నింపిన తారు ఎండాకాలం ఎక్కడెక్కడ ఉబ్బుతుందో తెలుసు. పైలట్ల మొహాలు తెలియవు, బూట్లు తెలుసు. కిందికి చూసి నడవడమే నా ఉద్యోగం. సెలవుకు ఊరికి వెళ్తే పిల్లలు చుట్టూ చేరి ఆ విమానాలు ఎంత స్పీడు పోతాయని అడుగుతారు. తెలియదంటే నమ్మరు, చెప్పకుండా దాస్తున్నానని అనుకుంటారు.

ఖతర్‌లో అదొక ఎయిర్ బేస్. పేరు చెప్పను, చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. అక్కడ రన్‌వే శుభ్రం చేసే కాంట్రాక్టు మా కంపెనీది. రన్‌వే మీద ఉండకూడని ఏ వస్తువుకైనా అక్కడ ఒకటే పేరు, ఫాడ్. గులకరాయి ఫాడే, ఊడిన బోల్టు ఫాడే, గాలికి కొట్టుకొచ్చిన కూల్‌డ్రింకు మూత ఫాడే. విమానం ఇంజిన్ ముందున్నదాన్నల్లా లోపలికి లాక్కుంటుంది. చిన్న ఇనుప ముక్క పోయినా లోపలి రెక్కలు విరుగుతాయి. అందుకని పొద్దు పొడిచే వేళకు మేం పదిమందిమి ఒక వరుసలో నిలబడి, తల వంచుకుని, కనబడ్డదల్లా నడుముకున్న గుడ్డసంచిలో వేసుకుంటూ నడవాలి. చెనిక్కాయ పీకేశాక చేలో మిగిలిన కాయలు ఏరుకోవడానికి మా ఊరి ఆడవాళ్ళు ఇట్లాగే పోయేవాళ్ళు. మా వెనకాల అయస్కాంతపు కడ్డీ బిగించిన చిన్న బండి వస్తుంది. మా కంటికి తప్పిన ఇనుము దానికి అంటుకుంటుంది.

ఆ పదిమందికి ఫోర్‌మన్‌ని నేను. నేపాలీలు, బంగ్లాదేశ్ వాళ్ళు, ఒక తమిళుడు, చివర్లో మా బావ.

బావ అంటే నా భార్యకు అన్న. నాకంటే రెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే చెల్లెల్ని తనే సాకి, తనే పెళ్ళి చేశాడు. ఆమె పెళ్ళి అయ్యేదాకా తన పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు, అయ్యాక ఎత్తేవాళ్ళు లేకపోయారు. బోర్లు ఎండి చీనీ తోట, అంటే బత్తాయి తోట, మొత్తం కొట్టేశాక, నేనే వీసా తీసి పిలిపించాను. మా కడప వైపు గల్ఫ్ అంటే కువైటే. ఇద్దరం ఖతర్‌లో ఉన్నామని ఎన్నిసార్లు చెప్పినా, "బావా బామ్మర్దులు కోయిట్‌లో ఉండారు" అనే చెప్పుకుంటారు.

ఇంట్లో ఆయన పెద్ద, డ్యూటీలో నా కింద. దీన్ని ఆయన ఏనాడూ ఎత్తిచూపలేదు. నాకు అదే చిరాకు. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో మా గదిలో కింది మంచం నాది, పై మంచం ఆయనది. ఏ పనీ తొందరగా చేయడు. అన్నం తినబోయే ముందు కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతాడు. లుంగీ మడతపెట్టడానికి ఆయన తీసుకునే సేపట్లో నేను స్నానం చేసి వచ్చేవాణ్ణి. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండేది. శుక్రవారాలు అల్ మన్సూరాలో మనవాళ్ళ మెస్సుకు పోతే అక్కడ కూడా అందరికీ వడ్డించాకే తన విస్తరి వైపు చూసేవాడు. ఆకలికి నా కడుపులో పేగులు అరుస్తుంటే పక్కన కూర్చుని ఆ మర్యాద చూడాల్సి వచ్చేది.

ఆ వేసవిలో చుట్టుపక్కల దేశాలు ఒకదాని మీద ఒకటి క్షిపణులు వేసుకోవడం మొదలుపెట్టాయి. మధ్యలో ఇదొక చిన్న దేశం. మా ఊరి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు పోయేంత దూరం కూడా లేదు దీని పొడవు. కంపెనీ బస్సు బేస్‌కు పోయే దారిలో, ఎడారిలో, లారీల మీద పొడుగాటి పెట్టెలు ఆకాశం వైపు ఏటవాలుగా లేపి ఉండేవి. వచ్చే క్షిపణిని గాల్లోనే కొట్టడానికి అవి అని తమిళుడు చెప్పాడు. రన్‌వే చివర రెండు విమానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. పైలట్లు లోపలే కూర్చుని ఉంటారని, పిలుపు వచ్చిన కొద్ది నిమిషాల్లో లేవాలని చెప్పుకునేవాళ్ళు. ఆఫీసు పనివాళ్ళని చాలామందిని ఇంటి దగ్గరే ఉండమన్నారు. మమ్మల్ని మాత్రం రోజుకు రెండుసార్లు నడిచే చోట నాలుగుసార్లు నడవమన్నారు.

భయమేసిందా అని తర్వాత చాలామంది అడిగారు. లేదు. ధైర్యం కూడా కాదు. ఆ రోజుల్లో నాకు ఏదీ అనిపించేది కాదు, అంతే. ఎండ, కాంక్రీటు, సంచి. ఇంటి నుంచి ఫోన్ వస్తే బాగున్నాం, ఇక్కడేం లేదు అని చెప్పేవాణ్ణి. టీవీలో చూపిస్తున్నారు కదా అనేది నా భార్య. టీవీ కట్టేయమనేవాణ్ణి.

రన్‌వే మీదికి పోయేముందు ఒక తంతు ఉంది. ప్లాస్టిక్ ట్రే వస్తుంది. ప్రతివాడూ జేబులు ఖాళీ చేసి ఫోన్, పెన్ను, తాళంచెవి, చిల్లర, ఉంగరం అందులో పెట్టాలి. ఎవరి ఒంటి మీదా ఊడిపడే వస్తువు ఏదీ లేదని చూసి ఫోర్‌మన్ కాగితం మీద సంతకం చేయాలి. గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ ఉందిగానీ మా బూట్లకు ముందుభాగంలో ఇనుప రేకు ఉంటుంది కాబట్టి అది అందరికీ కూస్తుంది, ఎవరూ పట్టించుకోరు. నేను ఎనిమిదేళ్ళుగా సంతకం చేస్తున్నాను. నేపాలీల చేతి దారాలు విప్పించాను, తమిళుడి మెడలో తాయెత్తు తీయించాను. కానీ నాకూ మా బావకూ మొలతాడుకు పిన్నీసు ఉండేది. మా వైపు చేలో తిరిగే ప్రతి మగవాడికీ ఉంటుంది, కాల్లో ముల్లు దిగితే తీసుకోవడానికి. మొలతాడు మగవాడి ఒంటి మీద పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఉండేది. దానికి వేలాడే పిన్నీసు ఒక వస్తువని, దాన్ని ట్రేలో పెట్టాలని మా ఇద్దరికీ ఏనాడూ తోచలేదు. చెవి కోసి ట్రేలో పెట్టాలని తోచదు కదా, అట్లాగే.

ఒక పొద్దున మా నడక అయిపోయింది. సిద్ధంగా ఉన్న రెండు విమానాలు గస్తీకి లేవబోతున్నాయి, ఇంజిన్లు అరుస్తున్నాయి. బండి నడిపే నేపాలీ అతను అయస్కాంతపు కడ్డీ తుడుస్తూ ఆగిపోయాడు. కడ్డీకి ఒక పిన్నీసు అంటుకుని ఉంది, నోరు తెరుచుకుని. ఎక్కడిదో తెలియని ఇనుప వస్తువు విమానాలు నడిచే దారిలో దొరికితే, అదెక్కడిదో తేలేదాకా విమానాలు కదలకూడదు. అతను రేడియోలో చెప్పాడు. కాసేపటికి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో మా బూట్ల చప్పుడు మాకే పెద్దగా వినిపించింది.

సేఫ్టీ ఆఫీసర్ జీపులో వచ్చాడు. ఆ దేశపు మనిషే, నెమ్మదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచగా వినలేదు. పిన్నీసు అరచేతిలో పెట్టుకుని ముందు టెక్నీషియన్లకు చూపించాడు. అది ఇంజిన్ మూతలకు కట్టే ఎర్రగుడ్డలోంచి ఊడి ఉంటుందని ఎవరో అన్నారు. ఆ మూతలు తీసి లెక్క చెప్పి సంతకం చేసినవాడు పాకిస్తానీ, నెరిసిన గడ్డం మనిషి, మాకు సలాం చెప్పకుండా ఏనాడూ దాటిపోలేదు. వంగి మూతలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే తడుముతున్నాడు. టార్చిలైట్లు పట్టుకుని ఇద్దరు విమానం ఇంజిన్ నోట్లోకి దూరారు.

తర్వాత ఆఫీసర్ మా వరుస దగ్గరికి వచ్చి ఒక్కొక్కరికీ చూపిస్తూ నడిచాడు. నా ముందుకు వచ్చినప్పుడు చూశాను. పిన్నీసు తలకాయ దగ్గర నల్లదారం దగ్గరగా చుట్టి ఉంది. పోయిన సెలవులో, ఒళ్ళో కూర్చుంటే పాపకు గుచ్చుకుంటోందని, నా భార్య చుట్టిన దారం అది.

నా చేయి దానంతట అదే నడుము దగ్గరికి పోయింది. డ్యూటీ డ్రెస్సు మీదినుంచే తడిమితే మొలతాడు ముడి తగిలింది, దాని కింద ఏమీ తగల్లేదు. ఎప్పుడో గొంతుక్కూర్చుని రాయి తీస్తుంటే ఊడి ప్యాంటు కాల్లోంచి జారి ఉంటుంది. అది నాది అని చెప్పడానికి రెండు మాటలు చాలు. చెప్పలేదు. పెళ్ళాం పిల్లలు గుర్తొచ్చారని, కాళ్ళు వణికాయని రాస్తే బాగుంటుందేమో, కానీ అవేవీ జరగలేదు. ఖాళీగా నిలబడి ఉన్నాను. ఆఫీసర్ నా ముందు నుంచి పక్కకు జరిగాడు.

పక్కన మా బావ. ఆయన నా చేయి చూశాడు. తర్వాత నా మొహం చూశాడు, ఒక్కసారే. అప్పుడు, అన్ని పనులూ చేసినంత నిదానంగానే, ఒక అడుగు ముందుకేసి, "మేరా హై సార్" అన్నాడు.

ఇదేమిటి, ఎందుకు పెట్టుకున్నావు అని ఆఫీసర్ అడిగాడు. ముల్లు తీసుకోవడానికని బావ వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఇక్కడ ముల్లు ఎక్కడుంది అని ఆఫీసర్ అడిగాడు. వెక్కిరింపుగా అడగలేదు, నిజంగా అర్థంకాకే అడిగాడు. అలవాటు సార్ అన్నాడు బావ.

తర్వాత ఆఫీసర్ నా వైపు తిరిగి నువ్వు చూడలేదా అన్నాడు. ట్రే చూశాను సార్, నడుము చూడలేదు అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆ రోజు మొత్తంలో నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. చాలాకాలం ఆ మాట నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఆఫీసర్ మమ్మల్నందరినీ చూస్తూ ఇంగ్లీషులో, మాకు అర్థం కావాలని ఆగి ఆగి మాట్లాడాడు.

"మా దేశం చిన్నది. రాడార్‌లో ఏదైనా కనబడితే మాకు దొరికేది కొన్ని నిమిషాలే. ఈరోజు మీరు అరగంట తీసుకున్నారు."

ఆ అరగంటలో ఏమీ రాలేదు. విమానాలు లేచాయి, గస్తీ తిరిగి వచ్చాయి. పాకిస్తానీ మనిషి బావ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పాడు. మధ్యాహ్నానికి బావ గేటు పాస్ రద్దయింది. పాస్ రద్దయినవాడికి మా కంపెనీలో వేరే పని లేదు. నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి, ఇకనుంచి నడుములు కూడా చూడమన్నారు.

సాయంత్రం గదికి వచ్చేసరికి బావ తన మొలతాడు పిన్నీసు విప్పుతున్నాడు. దాన్ని పాత పేపరు ముక్కలో చుట్టి చెత్తబుట్టలో వేశాడు. క్యాంప్ బాస్ వచ్చి చూస్తే రెండో పిన్నీసు ఎక్కడిదని అడుగుతాడని ఆయన ముందే ఆలోచించాడు. నాకు ఆ ఆలోచన కూడా రాలేదు. ఇద్దరం అన్నం తిన్నాం. పళ్ళేలు ఆయనే కడిగాడు.

వెంటనే పంపించేస్తే సగం బాధ తప్పేది. టికెట్ తీసిన మర్నాడే ఆకాశం మూసేశారు, విమానాలు ఆగిపోయాయి. పని లేని మనిషి, పోవడానికి దారి లేని మనిషి, నా మంచం పైన. పొద్దున నేను డ్యూటీకి లేస్తుంటే ఆయన కూడా లేచి టీ పెట్టి ఇచ్చేవాడు. వద్దని అనలేకపోయాను. తాగి బస్సెక్కేవాణ్ణి.

అప్పట్లోనే ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు అయిన కాసేపటికి, ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. ప్రమాద హెచ్చరిక, లోపలే ఉండమని. క్యాంపులో ఎవడు లోపల ఉంటాడు, అందరూ మెట్ల మీదికి వచ్చి ఫోన్లు పైకి ఎత్తారు. దూరంగా ఎడారి వైపు నుంచి వెలుగులు పైకి లేచాయి. అవతలి నుంచి వచ్చే వెలుగులకు అవి ఎదురుపోయి పగిలాయి. చప్పుడు కాసేపాగి వచ్చింది, కిటికీ అద్దాలు గడగడలాడాయి. కొందరు ఈలలు వేశారు. రెండోది బాగా దగ్గర్లో పగిలాక ఈలలు ఆగిపోయాయి. పక్క గదిలో ఎవరో గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ళలో నేను అంతసేపు పైకి చూడటం అదే మొదటిసారి. బాగుందనీ అనిపించలేదు, భయంకరంగానూ అనిపించలేదు.

బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ అరగంట ఈరోజు అయ్యుంటే అని నేను అనుకుంటున్నాను, ఆయనా అదే అనుకుంటున్నాడని అనుకున్నాను. కాదు. ఆయన చెల్లెలి గురించి అనుకుంటున్నాడు. ఫోన్ చేసి బాగున్నామని చెప్పమన్నాడు, లేకపోతే టీవీ చూసి బెదిరిపోతుందన్నాడు. లైను కలవలేదు. ఇద్దరం లోపలికి వచ్చి కూర్చున్నాం. అప్పుడు అడిగాను, ఎందుకు చేసినావని. అడగడానికి నాకు అన్ని రోజులు పట్టింది.

"నీ కోసరం కాదు బావా. నీ పని పోతే ఆడ ఇల్లు జరగాల్సింది మా చెల్లెలికి. నేను పోతే ఎవురికేమి?"

నేను రేపు పోయి ఆఫీసర్‌తో చెప్పేస్తానన్నాను. నిజంగా చెప్పాలనే అన్నానో, వద్దనిపించుకోవడానికి అన్నానో నాకే తెలియదు. రెండోదే అయ్యుంటుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చెప్పొద్దు. చెల్లెలితో కూడా అనొద్దు. తెలిసిందంటే మీ ఇద్దురికీ చెడుతుంది."

సరేనన్నాను. అంత తొందరగా నేను ఏ మాటకూ ఒప్పుకుని ఉండను.

మర్నాడు రన్‌వే మీద మాకు సంచులు చాలలేదు. గాల్లో పగిలినవాటి ముక్కలు, కాలి నల్లబడ్డ రేకులు, అరచేతంత నుంచి గోరంత దాకా. తొమ్మిదిమందిమి నడిచాం. వరుసలో బావ ఖాళీని నేనే పక్కకు జరిగి పూడ్చాను. ఆఫీసర్ ఒక్కో ముక్క ఎక్కడ దొరికిందో మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటున్నాడు. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పోయేముందు నా దగ్గర ఆగి, మీ మనిషి వెళ్ళిపోయాడా అని అడిగాడు. ఇంకా లేదు సార్, విమానాలు లేవు అన్నాను. నిజం చెప్పిన మనిషిని పంపించాల్సి వచ్చింది, తనకు నచ్చలేదు అన్నాడు. అవును సార్ అన్నాను.

ఆకాశం తెరిచిన మూడో రోజు బావ పోయాడు. ముషైరిబ్ మెట్రో స్టేషన్ దాకా తోడు వెళ్ళాను. ఎయిర్‌పోర్టుకు అక్కడ రైలు మారాలి. చెల్లెలికి ఏదైనా పంపుతావా అని అడిగాడు. పాలపొడి డబ్బా, పాపకు బాదంపప్పు ఇచ్చాను. ఆయన వాటిని తన బ్యాగులో, బట్టల మధ్య, నలగకుండా సర్దుకున్నాడు. నాకు అప్పుడు మాత్రం అనిపించింది. ఆయన కాళ్ళు పట్టుకుందామనిపించింది. ఇంతలో రైలు వచ్చింది.

ఊళ్ళో కథ ఆయనకంటే ముందే చేరింది. కోయిట్‌లో పనిలో తప్పు చేసి పంపించేశారట, చెల్లెలి మొగుడి పరువు కూడా తీశాడట అని. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం నా భార్య ఫోన్ చేసింది. పాప చదువు, గ్యాసు బండ, మామూలు మాటలు అయ్యాయి. మీ అన్న ఎట్లుండాడని అడిగాను. ఎవరిదో చీనీ తోటలో కూలికి పోతున్నాడట. ఎవరో చెబితే తెలిసిందట. ఇంటికి రాలేదా అన్నాను. పాలపొడి ఇవ్వడానికి వచ్చినాడు, గడప బయట నుంచే తీసుకుని పంపించేసినానంది. ఆనాటి నుంచి అన్నతో మాటల్లేవంది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"నువ్వు వీసా తీసి పిలిపిస్తే నీకే తల దించుకునే పని చేసినాడు. వాని తరపున నేను అడుగుతాండా. మనసులో పెట్టుకోవద్దు."

అప్పుడు చెప్పొచ్చు. గదిలో నేను ఒక్కణ్ణే ఉన్నాను. పై మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది. చెప్పొద్దన్నది ఆయనే కదా అనుకున్నాను.

"నేనేం పెట్టుకోలేదు. నీ అన్నే కదా, మాట్లాడు" అన్నాను.

నీలాంటి మనిషి ఎక్కడా ఉండడని ఆమె ఏడ్చింది. ఏడుపు అయ్యేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని విన్నాను.